ఫిట్స్ మొదలై గంట దాటాక ఇంజెక్షన్ ఎందుకు పనిచేయలేదు?

ఏటూరునాగారం_అన్న | ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్తే. మాది ఏటూరునాగారం దగ్గర ఒక ఊరు. మా చెల్లెకు 19 ఏళ్లు, డిగ్రీ రెండో సంవత్సరం. మూడేళ్ల నుంచి ఫిట్స్‌కు లెవెటిరాసెటమ్ గోళీలు వాడుతోంది. మేడారం జాతరకు పోయినప్పుడు రెండు రాత్రులు నిద్ర లేదు, గోళీల డబ్బా ఇంట్లోనే మర్చిపోయింది. తిరిగొచ్చిన తెల్లారి ఫిట్స్ మొదలైంది, ఆగలేదు. ముందు ఆటో, తర్వాత అంబులెన్స్. మొదటి ఇంజెక్షన్ పడేసరికి గంటా పది నిమిషాలు అయింది. చీటీలో లోరాజెపామ్ అని ఉంది.

మూడేళ్ల కింద మొట్టమొదటిసారి ఫిట్స్ వచ్చినప్పుడు మేం వరంగల్‌లోనే చుట్టాల ఇంట్లో ఉన్నాం. పది నిమిషాల్లో ఇదే ఇంజెక్షన్ ఇచ్చారు, కాసేపటికే ఆగిపోయింది. ఈసారి రెండుసార్లు ఇచ్చినా ఆగలేదు. చివరికి వరంగల్‌లో మత్తు ఇచ్చి వెంటిలేటర్ మీద పెట్టారు. రెండు రోజులు ఐసీయూ బయట కూర్చున్నాం. ఇప్పుడు ఇంట్లో ఉంది, బాగుంది.

మనిషి అదే, మందు అదే. అప్పుడు పనిచేసింది, ఇప్పుడెందుకు చేయలేదు? అడిగితే ఒక డాక్టర్ సార్ నడుస్తూ "గాబా రిసెప్టర్లు లోపలికి పోయి ఉంటాయి" అన్నారు. నేను ఇంటర్ బైపీసీ చదివాను, ఆ మాట నాకు సగమే అర్థమైంది. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి. చిన్న మాటల్లో తేల్చకండి, నాకు మొత్తం కావాలి.

హుజూరాబాద్_ఆశ | ఆదివారం రాత్రి 9:40

తమ్మీ, చెల్లె బయటపడ్డందుకు సంతోషం. సైన్సు సంగతి పెద్దవాళ్లు చెప్తారు. నేను ఆశ కార్యకర్తను, నా వంతు మాట ఒకటి. ఫిట్స్ వస్తే ఊళ్లలో ఇప్పటికీ తాళం చెవులు చేతిలో పెడుతున్నారు, చెప్పు వాసన చూపిస్తున్నారు, పళ్ల మధ్య చెంచా దూరుస్తున్నారు. ఆ గడబిడలో పది నిమిషాలు పోతాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తటి గుడ్డ పెట్టండి, నోట్లో ఏమీ పెట్టొద్దు. ముందు గడియారం చూసి టైం రాసుకోండి. మీరు టైం గుర్తుపెట్టుకున్నారు, అది చాలా మంచి పని.

జీవరసాయనం_హన్మకొండ | ఆదివారం రాత్రి 10:25

తమ్ముడూ, నేను డిగ్రీ కాలేజీలో బయోకెమిస్ట్రీ చెప్తాను. మందు ఎంత, ఎప్పుడు అనేది డాక్టర్లే చెప్పాలి. అణువుల దగ్గర ఏం జరుగుతుందో నేను చెప్తాను.

మెదడులో ఒక నాడీకణం పక్క కణాన్ని రెచ్చగొట్టడానికి ఎక్కువగా వాడేది గ్లుటమేట్. శాంతపరచడానికి వాడేది గాబా, పూర్తి పేరు గామా అమైనో బ్యుటిరిక్ ఆమ్లం. మెదడులో ఇది దండిగా ఉందని 1950లో బయటపడింది. నాకు ప్రతి ఏడాదీ క్లాసులో చెప్తుంటే ఆశ్చర్యమనిపించే సంగతి ఏంటంటే, శాంతపరిచే గాబా తయారయ్యేది రెచ్చగొట్టే గ్లుటమేట్ నుంచే. గ్లుటమేట్ నుంచి ఒక కార్బాక్సిల్ ముక్కను తీసేస్తే గాబా. ఆ పని చేసే ఎంజైమ్ పేరు గ్లుటమేట్ డీకార్బాక్సిలేజ్. దానికి విటమిన్ బీ6 తోడు లేకపోతే పని సాగదు. 1950ల మొదట్లో అమెరికాలో బీ6 చాలినంత లేని డబ్బాపాలు తాగిన పసిపిల్లలకు ఫిట్స్ వచ్చాయి, బీ6 ఇవ్వగానే తగ్గాయి. టీబీ మందు ఐసోనియాజిడ్‌ను ఎవరైనా ఎక్కువ మోతాదులో మింగితే ఆగని ఫిట్స్ వచ్చేదీ ఇదే దారిలో. దానికి విరుగుడు బీ6 ఇంజెక్షనే.

ఇక రిసెప్టర్ సంగతి. గాబా-ఏ రిసెప్టర్ అంటే ఐదు ప్రోటీన్ ముక్కలు గుండ్రంగా నిలబడి, మధ్యలో సన్నటి దారి వదిలిన నిర్మాణం. ఎక్కువ చోట్ల రెండు ఆల్ఫా, రెండు బీటా, ఒక గామా ముక్క ఉంటాయి. దీన్ని మన చెరువు తూము అనుకో. పాకాల, లక్నవరం తూములు చూసే ఉంటావు. గాబా వచ్చి ఆల్ఫాకు బీటాకు మధ్య సందులో కూర్చోగానే షట్టర్ లేస్తుంది. కణం బయట క్లోరైడ్ నిండుగా ఉంటుంది, లోపల చాలా తక్కువ. షట్టర్ లేవగానే క్లోరైడ్ లోపలికి పారుతుంది. దానిది ఋణావేశం కాబట్టి కణం లోపల ఇంకా ఋణంగా మారి, ఆ కణం పేలడం, అంటే విద్యుత్ సంకేతం పంపడం, కష్టమవుతుంది. ఇంత పనీ సెకనులో వెయ్యో వంతుల లెక్కలో అయిపోతుంది.

లోరాజెపామ్, డయాజెపామ్, మిడాజోలమ్ కూర్చునే చోటు వేరు. అవి ఆల్ఫాకు గామాకు మధ్య సందులో కూర్చుంటాయి. అవి తమంతట తాము షట్టర్ లేపవు. గాబా లేపుతున్నప్పుడు ఇంకా ఎక్కువసార్లు లేచేలా చేస్తాయి, అంతే. ఫినోబార్బిటాల్ అయితే లేచిన షట్టర్‌ను ఎక్కువసేపు అలాగే నిలుపుతుంది. తూములే లేకపోతే లోరాజెపామ్‌కు చేయడానికి పని లేదు. నీ ప్రశ్నకు జవాబు ఇక్కడ మొదలవుతుంది. మిగతాది ఇక్కడ ఉన్న డాక్టర్లు చెప్తే బాగుంటుంది.

పీజీ_డాక్టర్ | ఆదివారం రాత్రి 11:50

డ్యూటీ అయిపోయి ఇప్పుడే చూశాను. మేడం చెప్పిన తూముతోనే మొదలుపెడతాను.

ఈ తూములు సిమెంటు వేసి పాతినవి కావు అన్నా. కణం పొర మీద నుంచి రోజంతా కొన్ని లోపలికి పోతుంటాయి, కొన్ని పైకి వస్తుంటాయి. మామూలుగా పోయేవి, వచ్చేవి సరిపోతాయి. రిసెప్టర్ బీటా, గామా ముక్కల లోపలి వైపు ఫాస్ఫేట్ అతుక్కుని ఉన్నంతసేపు వాటిని లోపలికి లాగే ఏపీ2 అనే ప్రోటీన్‌కు పట్టు దొరకదు. ఫిట్స్ ఆగకుండా సాగితే ఆ ఫాస్ఫేట్లు ఊడిపోతాయి. ఏపీ2 పట్టుకుంటుంది, క్లాథ్రిన్ అనే ప్రోటీన్ బుడగలో చుట్టి రిసెప్టర్‌ను కణం లోపలికి లాగేస్తుంది. అక్కడ ఉన్న రిసెప్టర్‌కు గాబా అందదు, లోరాజెపామ్ అందినా చేసేది లేదు.

2005లో రెండు వేర్వేరు బృందాలు దీన్ని ఎలుకల్లో చూపించాయి. ఒక బృందం లెక్క ప్రకారం మెదడులో హిప్పోకాంపస్ అనే భాగంలోని కణాల్లో ఒక్కో సైనాప్స్‌కు (రెండు కణాలు సంకేతం అందించుకునే చోటు) పనిచేసే గాబా-ఏ రిసెప్టర్లు 36 వరకు ఉంటే, గంటసేపు ఫిట్స్ సాగాక 18కి పడిపోయాయి. సరిగ్గా సగం. అదే సమయంలో గ్లుటమేట్ అందుకునే ఎన్‌ఎండీఏ రిసెప్టర్లు లోపలి నుంచి పైకి చేరతాయి. ఆపేవి తగ్గాయి, రెచ్చగొట్టేవి పెరిగాయి. మీ చెల్లెకు గంటా పది నిమిషాల తర్వాత ఇంజెక్షన్ పడిందంటే మందు పోయింది సగం ఖాళీ అయిన చోటికి. మందుది తప్పు కాదు, ఇచ్చినవాళ్లదీ తప్పు కాదు.

అందుకే 2015లో అంతర్జాతీయ మూర్ఛ వ్యతిరేక సంఘం రెండు గడువులు పెట్టింది. ఒళ్లంతా కొట్టుకునే ఫిట్స్ 5 నిమిషాలు దాటితే అది తనంతట తాను ఆగే అవకాశం తక్కువ, వెంటనే మందు వేయాలి. 30 నిమిషాలు దాటితే మెదడుకు శాశ్వత నష్టం జరిగే ప్రమాదం ఉంది. నేను చదువుకునేటప్పుడు ఈ 5 అనే అంకె ఎవరో కూర్చుని రాసిన నియమం అనుకున్నాను. పోయిన ఏడాది ఐసీయూలో నెల రోజులు పనిచేశాక దాని వెనక ఈ రిసెప్టర్లు కనిపించడం మొదలైంది.

ఏటూరునాగారం_అన్న | సోమవారం ఉదయం 6:30

సార్, ఇది చదివి రాత్రి నిద్ర పట్టలేదు. మేం ఆలస్యం చేశామనే కదా దీని అర్థం? మా ఊరి నుంచి ఎంత తొందరగా బయల్దేరినా గంట పడుతుంది. మరి మాలాంటి వాళ్లం ఏం చేయాలి?

పీజీ_డాక్టర్ | సోమవారం ఉదయం 7:05

మీరు చేయగలిగింది మొత్తం చేశారు అన్నా. దూరం మీ చేతిలో లేదు. ఇకనుంచి చేతిలో ఉండేది ఒకటి ఉంది. మిడాజోలమ్ ముక్కులో కొట్టే స్ప్రేగా మన దగ్గర దొరుకుతుంది. నరం వెతకాల్సిన పని లేదు, ఇంట్లోవాళ్లే ఇవ్వొచ్చు. ఎన్ని సార్లు కొట్టాలనేది బరువును బట్టి మీ న్యూరాలజిస్ట్ రాసివ్వాలి, ఎలా వాడాలో అక్కడే చేసి చూపించమనండి. కొట్టిన తర్వాత కూడా దవాఖానకు బయల్దేరాల్సిందే.

2012లో అమెరికాలో అంబులెన్సుల్లో ఒక పెద్ద పరీక్ష చేశారు. కండకు మిడాజోలమ్ ఇచ్చినవాళ్లలో 73 శాతం మందికి దవాఖాన చేరేసరికే ఫిట్స్ ఆగాయి. నరానికి లోరాజెపామ్ ఇచ్చినవాళ్లలో 63 శాతం. లోరాజెపామ్ మంచి మందే. కొట్టుకుంటున్న చేతిలో నరం దొరకబుచ్చుకునేసరికి నిమిషాలు పోయాయి.

తొలి మందు ఓడిపోతే రెండో వరుసలో ఇచ్చే లెవెటిరాసెటమ్, ఫాస్‌ఫెనిటాయిన్, వాల్‌ప్రోయేట్ మూడింటినీ 2019లో పోల్చి చూశారు. మూడూ సుమారు సగం మందికే పనిచేశాయి, ఏదీ రెండోదాన్ని మించలేదు. ఆ మెట్టు దాకా రాకముందే ఆపడం కోసమే ఇంట్లో స్ప్రే.

ఆర్మూర్_బిడ్డ | సోమవారం ఉదయం 10:18

నాదొక సందేహం, సంబంధం ఉందో లేదో చెప్పండి. మా బాపు ఇరవై ఏళ్ల నుంచి రోజూ కల్లు తాగేటోడు. చెట్టు కల్లు కాదు, దుకాణంలో మందు కలిపిన కల్లు. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు బందైన మూడో రోజు చేతులు వణికినయి, ఎవరెవరో కనిపిస్తున్నరని భయపడ్డడు, ఆ రాత్రి ఫిట్స్ వచ్చినయి. అంతకుముందు జన్మలో ఫిట్స్ లేవు. ఊళ్లో అందరూ గాలి సోకిందన్నారు. ఇదీ గాబా సంగతేనా?

పీజీ_డాక్టర్ | సోమవారం మధ్యాహ్నం 2:40

అక్కా, నూటికి నూరు పాళ్లు గాబా సంగతే. ఉత్తర తెలంగాణలో పనిచేసే ప్రతి డాక్టర్‌కూ తెలిసి ఉండాల్సిన సంగతి కూడా. కల్తీ కల్లులో కలిపేది అల్ప్రాజోలం, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్. మొదటి రెండూ లోరాజెపామ్ కుటుంబమే, మేడం చెప్పిన ఆల్ఫా, గామా సందులోనే కూర్చుంటాయి. క్లోరల్ హైడ్రేట్ ఒంట్లో మారిన తర్వాత అదే రిసెప్టర్ మీద ఇంకో చోట పనిచేస్తుంది. కల్లులో ఉండే ఆల్కహాలూ అక్కడికే పోతుంది. రోజూ ఇన్ని మందులు షట్టర్ లేపుతుంటే మెదడు దానికి సర్దుకుంటుంది. రిసెప్టర్ల ముక్కల కూర్పు మారి, ఈ మందులకు స్పందించనివి పెరుగుతాయి. గ్లుటమేట్ వైపు బలం పెరుగుతుంది. అలా సర్దుకున్న మెదడుకు ఒక్కరోజులో కల్లు ఆపేస్తే ఆపే శక్తి లేక, రెచ్చగొట్టే శక్తి ఒక్కటే మిగులుతుంది. వణుకు, భ్రమలు, ఫిట్స్ అన్నీ దాని నుంచే. ఆ లాక్‌డౌన్‌లో ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఇలాంటివాళ్లు వరుసకట్టారు.

బాపు మళ్లీ తాగుతుంటే ఇంట్లో ఒక్కసారిగా ఆపించొద్దు. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే అదే కుటుంబం మందును మెల్లమెల్లగా తగ్గిస్తూ ఆపిస్తారు. మూర్ఛకు క్లోబజామ్, ఫినోబార్బిటాల్ వాడేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే ప్రమాదం అనేదీ ఇందుకే.

ఆర్మూర్_బిడ్డ | సోమవారం మధ్యాహ్నం 3:02

బాపు ఇప్పుడు లేడు డాక్టర్ గారూ. అప్పుడు ఈ మాట ఎవరైనా చెప్పి ఉంటే బాగుండు. మా చిన్నాయన ఇంకా తాగుతుండు, ఆయన్ని తీసుకపోతా.

మడికొండ_బీఫార్మసీ | సోమవారం సాయంత్రం 5:15

మంచి చర్చ. నేను ఫైనల్ ఇయర్. నా ప్రశ్న: మూర్ఛ అంటే గాబా తగ్గడమే అయితే గాబా పెంచే మందు అందరికీ ఇస్తే సరిపోదా? ఆన్‌లైన్‌లో గాబా గోళీలు, పొడి అమ్ముతున్నారు. గాబాపెంటిన్ ఎలాగూ ఉంది.

జీవరసాయనం_హన్మకొండ | సోమవారం సాయంత్రం 6:48

తమ్ముడూ, గాబా పొడి కొనొద్దు, ఎవరికీ చెప్పొద్దు. మింగిన గాబా రక్తంలోకి చేరినా రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అడ్డుగోడను సరిగ్గా దాటదు. మెదడు తన గాబాను తానే తయారుచేసుకుంటుంది. అది చూసి మూర్ఛ గోళీలు మానేసి ఈ పొడి మింగే మనిషి ఉంటే ఏమవుతుందో ఆలోచించు. బీ6 కూడా అంతే. పైన నేను రాసింది చదివి ఎవరూ సొంతంగా పెద్ద మోతాదులో మొదలుపెట్టొద్దు, ఎక్కువైతే కాళ్లూ చేతుల నరాలు దెబ్బతింటాయి. గాబాపెంటిన్ పేరు చూసి మా పిల్లలూ ఏటా పొరపడతారు. ఆ అణువును గాబా పోలికతో తయారుచేశారు గానీ అది పనిచేసేది కాల్షియం చానెల్ (కణం పొరలో కాల్షియం పోయే దారి)లోని ఆల్ఫా2-డెల్టా అనే ముక్క మీద. గాబా రిసెప్టర్‌ను ముట్టుకోదు.

పీజీ_డాక్టర్ | సోమవారం రాత్రి 9:30

"మూర్ఛ అంటే గాబా తగ్గడమే" అన్న మాటను నేను ఒప్పుకోను. సగం నిజమే అది.

క్లాసులో పిల్లాడు పది సెకన్లు అలా చూస్తూ ఉండిపోయి మళ్లీ రాయడం మొదలుపెడతాడు కదా, దాన్ని ఆబ్సెన్స్ అంటాం. టీచర్లు పరధ్యానం అనుకుని కొడుతుంటారు. ఈ పిల్లలకు గాబా పెంచే విగాబట్రిన్, టియాగబిన్ ఇస్తే తగ్గడం పోయి పెరుగుతాయి. మెదడు మధ్యలో ఉండే థాలమస్ కణాల్లో టీ-రకం కాల్షియం చానెళ్లు ఉంటాయి. గాబా ఆ కణాన్ని గట్టిగా, ఎక్కువసేపు అణిచినప్పుడే ఆ చానెళ్లు మళ్లీ పేలడానికి సిద్ధమవుతాయి. అణచడం, పేలడం, అణచడం, పేలడం, సెకనుకు మూడుసార్ల లెక్కన. మెదడు విద్యుత్ అలలను గీసే ఈఈజీ పరీక్షలో ఆ అలలు అచ్చంగా అలాగే కనిపిస్తాయి. వాళ్లకు పనిచేసే ఎథోసుక్సిమైడ్ గాబా జోలికే పోదు, ఆ కాల్షియం చానెల్‌ను మూస్తుంది.

అదే విగాబట్రిన్, పసిపిల్లలు ముందుకు వంగి ఉలిక్కిపడే స్పాజమ్స్‌లో, అందులోనూ ట్యూబరస్ స్క్లెరోసిస్ (మెదడులో, ఒంట్లో గడ్డలు పెరిగే జన్యు జబ్బు) ఉన్న పిల్లల్లో, గొప్పగా పనిచేస్తుంది. అది గాబాను విరిచే ఎంజైమ్‌ను తిరిగి లేవకుండా పడేస్తుంది. కంటిచూపు అంచులు కుంచించుకుపోయే ప్రమాదం ఉంది కాబట్టి కళ్లు పరీక్ష చేయిస్తూ వాడతాం. ఏ మూర్ఛ అనేది తేలకుండా ఏ మందు అనే ప్రశ్న వేయకూడదు.

పరకాల_అమ్మ | సోమవారం రాత్రి 10:55

సార్ చెప్పిన చివరి మాట మీద నేను మాట్లాడాలి. మా బాబుకు ఆరో నెలలో జ్వరంతో మొదటి ఫిట్స్ వచ్చింది, ఒక పక్కనే, అరగంట. తర్వాత వేడినీళ్ల స్నానం చేయిస్తే కూడా వచ్చేది. ఒక దవాఖానలో కార్బమజెపిన్ రాశారు. వాళ్లు మంచి మనసుతోనే రాశారు. కానీ మందు పెంచేకొద్దీ ఫిట్స్ పెరిగాయి. నెలకు రెండు మూడు వచ్చేవి వారానికి రెండు మూడు అయ్యాయి. టీకా వేయించావు కాబట్టే ఇలా అయిందని మా అత్తగారి వైపు రోజూ మాట్లాడేవాళ్లు. నేను ఎంత ఏడ్చానో నాకే తెలుసు.

రెండో ఏట ఇంకో డాక్టర్ జీన్ పరీక్ష రాశారు. ఎస్‌సీఎన్1ఏ జీన్‌లో మార్పు, డ్రావెట్ సిండ్రోమ్ అని వచ్చింది. కార్బమజెపిన్ మెల్లగా తీసేసి వాల్‌ప్రోయేట్, క్లోబజామ్ పెట్టారు. ఫిట్స్ పూర్తిగా పోలేదు కానీ ఇప్పుడు నెలకు ఒకటి. బాబుకు ఐదేళ్లు, రంగుల పేర్లు చెప్తాడు. కార్బమజెపిన్ సోడియం చానెల్‌ను మూసే మందట, అది మా బాబుకే ఎందుకు చెడు చేసిందో ఎవరైనా చెప్పండి. నాకు ఎవరి మీదా కోపం లేదు, తెలుసుకోవాలని ఉంది.

పీజీ_డాక్టర్ | మంగళవారం ఉదయం 6:20

అమ్మా, మీరు అడిగిన ప్రశ్నే ఈ జబ్బుకు గుండెకాయ. షార్లెట్ డ్రావెట్ అనే ఫ్రెంచ్ వైద్యురాలు 1978లో దీన్ని వర్ణించారు. ఎస్‌సీఎన్1ఏ కారణమని తెలిసింది 2001లో. ఆ జీన్ తయారుచేసేది నాడీకణం పేలడానికి అవసరమైన ఒక సోడియం చానెల్. అది సగం తగ్గితే మెదడు మందగించాలి కదా, ఫిట్స్ ఎందుకు వస్తాయి? 2006లో ఎలుకల్లో జవాబు దొరికింది. ఆ చానెల్ మీద ఎక్కువగా ఆధారపడేవి గాబాను వదిలే కణాలే. మెదడు పైపొరలో అవి సుమారు ఐదో వంతు ఉంటాయి, వాటిలో కొన్ని సెకనుకు వందసార్లకు పైగా పేలుతూ చుట్టూ ఉన్న వందల కణాలను అదుపులో ఉంచుతాయి. చానెల్ సగమే ఉంటే అవి ఆ వేగాన్ని అందుకోలేవు. కార్బమజెపిన్, ఫెనిటాయిన్, లామోట్రిజిన్ సోడియం చానెళ్లను మూస్తాయి కాబట్టి, ముందే కుంటుతున్న ఆ కణాలను ఇంకా పడగొడతాయి. క్లోబజామ్ వచ్చిన కొద్ది గాబానే గట్టిగా పనిచేయిస్తుంది.

టీకా సంగతి: మార్పు బాబు పుట్టకముందే జీన్‌లో ఉంది. టీకా తర్వాత వచ్చే జ్వరం ఎప్పుడో రావాల్సిన మొదటి ఫిట్స్‌ను కాస్త ముందుకు తెచ్చి ఉండొచ్చు, జబ్బును పుట్టించలేదు. ఈ పేరా మీ అత్తగారికి చదివి వినిపించండి.

పరకాల_అమ్మ | మంగళవారం ఉదయం 7:44

వినిపించాను. ఏమీ అనలేదు, బాబును ఎత్తుకుని బయటికి తీసుకెళ్లారు.

నర్సంపేట_మిర్చి | మంగళవారం ఉదయం 11:30

నేను రైతును. 2011లో ఎండోసల్ఫాన్ బంద్ చేసేదాకా పత్తికి అదే కొట్టేటోళ్లం. మా పక్క చేనాయన గాలికి ఎదురు కొట్టి సాయంత్రానికి ఫిట్స్‌తో పడిపోయిండు. తర్వాత ఎన్నడూ రాలేదు. పురుగుమందుకూ మీరు చెప్పే తూముకూ లింకు ఉందా మేడం? ఇప్పుడు మిర్చికి ఫిప్రోనిల్ కొడుతున్నం.

జీవరసాయనం_హన్మకొండ | మంగళవారం మధ్యాహ్నం 1:15

ఉంది అన్నా. ఎండోసల్ఫాన్ అణువు సరిగ్గా ఆ క్లోరైడ్ దారిలోనే ఇరుక్కుంటుంది. తూము నోట్లో బండ అడ్డం పడ్డట్టు. గాబా వచ్చి షట్టర్ లేపినా నీళ్లు పారవు. పురుగుకైనా మనిషికైనా అప్పుడు ఫిట్సే. ఆయన ఒంట్లోంచి మందు పోయాక తూము మళ్లీ పారింది కాబట్టి తర్వాత రాలేదు. దాన్ని మూర్ఛ జబ్బు అనరు.

ఫిప్రోనిల్ చంపేదీ అదే దారి మూసి. అయితే అది పురుగు రిసెప్టర్‌ను మన దానికంటే చాలా గట్టిగా పట్టుకుంటుంది. అందుకే మనకు కొంత నయం. అలాగని నిర్లక్ష్యం వద్దు, మింగితే మనుషులకూ ఫిట్స్ వస్తాయి. గాలివాటం చూసుకుని కొట్టండి, చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ, కొట్టాక స్నానం. ఎవరైనా పడిపోతే మందు డబ్బా దవాఖానకు వెంట తీసుకెళ్లండి, ఏ రసాయనమో డాక్టర్‌కు వెంటనే తెలుస్తుంది.

నవజాత_నర్సు | మంగళవారం రాత్రి 8:05

పుట్టిన పిల్లల వార్డులో పనిచేస్తాను. మా దగ్గర ఫిట్స్‌కు మొదట ఫినోబార్బిటోన్ ఇస్తాం, పైన మేడం రాసిన ఫినోబార్బిటాల్ ఇదే. కొందరు పిల్లల్లో చేతులు ఆడటం ఆగుతుంది కానీ ఈఈజీ పెడితే లోపల ఇంకా నడుస్తూనే ఉంటుంది. పెద్దవాళ్లకు పనిచేసే మందు వీళ్లకు ఎందుకు చేయదు?

జీవరసాయనం_హన్మకొండ | మంగళవారం రాత్రి 9:20

సిస్టర్, నేను రాయాలనుకుని దాచుకున్న సంగతి అడిగారు. తూము లేస్తే నీళ్లు ఎటు పారతాయి? ఎత్తు నుంచి పల్లానికి. చెరువు నిండి పొలం పల్లంలో ఉంటేనే పొలానికి పారుతుంది. నాడీకణంలో లోపలి వైపు క్లోరైడ్ తక్కువగా ఉంచడానికి ఒక మోటారు ఉంది. దాని పేరు కేసీసీ2, లోపలి క్లోరైడ్‌ను బయటికి ఎత్తిపోస్తుంది. దానికి ఎదురుగా ఎన్‌కేసీసీ1 క్లోరైడ్‌ను లోపలికి తెస్తుంది. పుట్టిన పిల్లల్లో ఎన్‌కేసీసీ1 బలంగా ఉంటుంది, కేసీసీ2 ఇంకా పూర్తిగా పెరగదు. కాబట్టి కణం లోపలే క్లోరైడ్ నిండుగా ఉంటుంది. గాబా తూము లేపితే క్లోరైడ్ బయటికి పారి, ఆపాల్సిన సంకేతమే కణాన్ని పేలే వైపు తోస్తుంది. ఫినోబార్బిటోన్ ఆ తూమునే ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది కదా.

ఎన్‌కేసీసీ1ను మూసే బ్యూమెటనైడ్ తోడుగా ఇస్తే పనిచేస్తుందేమోనని యూరప్‌లో పరీక్షించారు. ఫిట్స్ తగ్గిన దాఖలా లేదు, కొందరు పిల్లలకు వినికిడి దెబ్బతింది. మధ్యలోనే ఆపేసి 2015లో ఫలితాలు ప్రకటించారు. నేను ఆ పేపర్ చదివిన రోజు చాలా బాధపడ్డాను. కాగితం మీద అంత చక్కగా కుదిరిన ఆలోచన అది.

పెద్దవాళ్లలోనూ ఈ మోటారు చెడిపోవచ్చు. మందులకు లొంగని టెంపొరల్ లోబ్ (కణత వైపు మెదడు భాగం) మూర్ఛకు ఆపరేషన్ చేసి తీసిన మెదడు ముక్కల్లో కొన్ని కణాలకు గాబా తగిలితే శాంతించకుండా పేలడం 2002లో చూశారు. ఆ కణాల్లో కేసీసీ2 తగ్గిపోయి ఉందని తర్వాత తేలింది.

ఏటూరునాగారం_చెల్లె | బుధవారం రాత్రి 9:50

నమస్తే. నేనే ఆ చెల్లెను. అన్న ఫోన్‌లో ఇదంతా చదివాను. నాకు ఆ రోజు ఏమీ గుర్తులేదు. ఐసీయూలో గొంతు నొప్పితో లేచింది మాత్రమే గుర్తుంది.

అన్నకు చెప్పని సంగతులు రెండు ఉన్నాయి. ఇక్కడ రాస్తే అన్న చదువుతాడని తెలిసే రాస్తున్నాను. పొద్దున లేవగానే నా చేతులు జర్కుతో ఎగురుతాయి, రెండేళ్లుగా. చాయ్ గ్లాసు రెండుసార్లు పడేశాను. అమ్మ అజాగ్రత్త అని తిట్టింది, నేనూ అదే అనుకున్నాను. రెండోది, ఇంతకుముందు వచ్చిన ఫిట్స్ అన్నీ నెలసరికి ఒకటి రెండు రోజుల ముందే వచ్చాయి. జాతర అప్పుడు కూడా. డాక్టర్ దగ్గర అన్న పక్కన కూర్చుని ఉంటే చెప్పడానికి సిగ్గేసింది. దీనికి గాబాతో ఏమైనా సంబంధం ఉందా?

పీజీ_డాక్టర్ | బుధవారం రాత్రి 11:35

చెల్లీ, ఈ మొత్తం చర్చలో చికిత్సకు అన్నిటికంటే పనికొచ్చే సమాచారం నీదే. రెండిటికీ సంబంధం ఉంది.

పొద్దున చేతులు ఎగరడాన్ని మయోక్లోనస్ అంటాం. టీనేజీలో మొదలై, నిద్ర లేకపోతే ఎక్కువయ్యే ఒక రకం మూర్ఛకు అది గుర్తు. ఈ రకం ఉన్న ఒక ఫ్రెంచ్-కెనడియన్ కుటుంబంలో గాబా-ఏ రిసెప్టర్ ఆల్ఫా1 ముక్క జీన్‌లోనే మార్పు ఉందని 2002లో కనుగొన్నారు. అందరిలో అదే మార్పు ఉండదు, నీకు ఆ పరీక్ష అవసరం కూడా లేకపోవచ్చు. కానీ చేతులు ఎగరడం మీ డాక్టర్‌కు తప్పకుండా చెప్పాలి. కార్బమజెపిన్ లాంటివి ఈ రకాన్ని పెంచుతాయి కాబట్టి, రేపు ఎక్కడైనా ఎవరైనా మందు మార్చేటప్పుడు ఈ ఒక్క మాట నిన్ను కాపాడుతుంది.

నెలసరి సంగతి. ప్రొజెస్టిరాన్ హార్మోన్ నుంచి మెదడులో అల్లోప్రెగ్ననలోన్ అనే పదార్థం తయారవుతుంది. అది గాబా-ఏ రిసెప్టర్ మీద ఇంకో చోట కూర్చుని షట్టర్‌ను గట్టిగా లేపుతుంది. నెలసరికి ముందు ప్రొజెస్టిరాన్ ఒక్కసారిగా పడిపోతుంది, దాంతోపాటు ఇదీ తగ్గుతుంది. కల్లు ఆపేసిన మనిషి సంగతి పైన రాశాను చూడు, చిన్న స్థాయిలో ఒంట్లోనే అలాంటిది ప్రతి నెలా జరుగుతున్నట్టు. నీ విషయంలో ఆ రోజులూ, రెండు రాత్రుల నిద్రలేమీ, మర్చిపోయిన గోళీలూ ఒకేచోట కలిశాయి. అజాగ్రత్త కాదు.

అల్లోప్రెగ్ననలోన్ పోలికతో చేసిన గానాక్సొలోన్ అనే మందుకు 2022లో అమెరికాలో అనుమతి వచ్చింది. సీడీకేఎల్5 అనే అరుదైన జబ్బున్నవాళ్ల ఫిట్స్‌కు మాత్రమే, నీలాంటివాళ్లకు కాదు. నీకు ఇప్పుడు కావాల్సింది మూడు నెలల డైరీ. నెలసరి తేదీ, చేతులు ఎగిరిన రోజులు, ఎన్ని గంటలు నిద్రపోయావు, గోళీ వేసుకున్నావా లేదా. డాక్టర్ దగ్గర లేడీ నర్సు ఉన్నప్పుడు, అన్నను బయట కూర్చోమని చెప్పి మాట్లాడు. ఆ హక్కు నీకు ఉంది.

ఏటూరునాగారం_అన్న | గురువారం ఉదయం 5:58

చదివాను చెల్లె. నేను బయటే కూర్చుంటా. అమ్మకు గ్లాసు సంగతి నేనే చెప్పాను.

ఏటూరునాగారం_చెల్లె | తర్వాతి ఆదివారం సాయంత్రం 4:20

డాక్టర్ గారికి, మేడం గారికి, అందరికీ చెప్పాలని వచ్చాను. శుక్రవారం వరంగల్ పోయి చూపించుకున్నాం. చేతులు ఎగరడం గురించి, నెలసరి గురించి అన్నీ చెప్పాను. అక్కడి డాక్టర్ మేడం చాలాసేపు విన్నారు, గోళీ మోతాదు మార్చారు. ముక్కు స్ప్రే రాసిచ్చి, అన్నకూ అమ్మకూ నాకూ ఎలా కొట్టాలో చూపించారు. ఒకటి ఇంట్లో గోళీల డబ్బా పక్కన పెట్టాం. రెండోది నా బ్యాగులో ఉంది.

రేపటి నుంచి హాస్టల్. నా పక్క మంచం అమ్మాయికి స్ప్రే ఎక్కడ ఉందో చూపించాను. పక్కకు తిప్పమని, నోట్లో ఏమీ పెట్టొద్దని, గడియారం చూసుకోమని చెప్పాను. ఆమె ఫోన్‌లో రాసుకుని, ఎన్ని నిమిషాలకు కొట్టాలని మళ్లీ అడిగింది. ఐదు అని చెప్పాను.